లచ్చన్న కొలిచిన బర్రె, బూ ఖల్ఫాన్ కొన్న తూటా

లచ్చన్న ఆఫ్రికాలో అడవిదున్న కొమ్ములు పట్టుకుని మెడ తిప్పేశాడని దుబాయ్ అవతల ఫుజైరాలో చెప్పుకుంటున్నారు. అబద్ధం. తుపాకీ పేల్చాడన్నది అంతకంటే పెద్ద అబద్ధం. అతని చేతిలో ఉన్నది గహ్వా, అదే అరబ్బు కాఫీ, కాచే కెటిల్. జెబెల్ అలీ కూలీల క్యాంపులో ఒకాయన ఈ కథలోకి సింహాన్ని కూడా తెచ్చాడట. సింహం లేదు బాబూ, రాలేదు.

అసలు సంగతి నాకు లచ్చన్న చెప్పాడు, తుపాకుల దుకాణంలో పనిచేసే జమీర్ చెప్పాడు, లచ్చన్న పెళ్లాం సమ్మవ్వ జగిత్యాల దగ్గరి ఊరినుంచి ఫోన్లో తిట్టుకుంటూ చెప్పింది. ముగ్గురి మాటా కలిసిన చోట అదే చెబుతాను. కలవని చోట నాకు నచ్చింది చెబుతాను.

ఫుజైరా దాటాక కొండల మధ్య బూ ఖల్ఫాన్ అనే ముసలాయనకు ఖర్జూరపు తోట ఉంది. లచ్చన్న అందులోనే ఉంటాడు. చెట్లకు నీళ్లు పెట్టేది అతనే, మేకలను కాసేది అతనే, వండి పెట్టేది అతనే. అర్బాబ్ అని, బాబా అని పిలుస్తాడు యజమానిని. బూ ఖల్ఫాన్ మనసు మంచిది, కోపం వచ్చినా అన్నం చల్లారేలోపు పోతుంది. ఒక్కటే జబ్బు, గొప్పలు. కరోనా రోజుల్లో గడప దాటకుండా వేట వీడియోలు చూసీ చూసీ, అంతకుముందు డేగతో పిట్టలను పట్టించడం తప్ప ఎరగని మనిషి, టాంజానియా వెళ్లి అడవిదున్నను కొడతానన్నాడు. రోగాల గోల సద్దుమణిగాక నిజంగానే బయలుదేరాడు.

వెళ్తే వెళ్లనీ. కానీ లచ్చన్న కాచిన గహ్వా లేనిదే ఆయనకు తెల్లవారదు.

"లచ్చన్, నువ్వూ వస్తున్నావు. నా వెనకే ఉండాలి" అన్నాడు.

ఆ "వెనకే" అన్న మాటతో లచ్చన్నకు నిద్ర పట్టలేదు. ముందు ముసలాయన, వెనక కెటిల్‌తో తను. తూటా తగిలీ దున్న పడకపోతే? ముసలాయనను దాటి అది వచ్చేది ఎవరి మీదికి? బూ ఖల్ఫాన్‌కు దున్న కావాలి, లచ్చన్నకు ప్రాణం కావాలి. అందుకే తుపాకీ కొనడానికి అబుదాబీ వెళ్తుంటే పిలవకుండానే బండెక్కి కూర్చున్నాడు.

దుకాణంలో జమీర్ ఉన్నాడు. మన బోధన్ పిల్లాడే. బూ ఖల్ఫాన్ గోడకున్న దున్న తలలు చూస్తూ తిరుగుతుంటే, జమీర్ అద్దాల బల్ల మీద మూడు తూటాలు నిలబెట్టాడు. ఒక్కోదానికి హిందీలో ఒక్కో అంకె పేరు.

"చూడు లచ్చన్నా, ఇది తీన్ పచత్తర్. ఇది చార్ సోలా. గీ పెద్దది చార్ అఠావన్. అంకె పెరిగితే గుండు లావు పెరుగుతది. గుండు లావైతే భుజానికి దెబ్బ గూడ పెరుగుతది."

"దున్నకు ఏది?"

"తీన్ పచత్తర్ చాలు. ఆడ శానా దేశాలల్ల దున్నకు దీనికన్న చిన్నది వద్దంటరు. అర్బాబ్ వయసుకు గూడ గిదే నయం."

చాలు అన్న మాట లచ్చన్నకు నచ్చలేదు. చాలడం కాదు, మిగలాలి. చిన్న తూటాను అటూ ఇటూ తిప్పి చూశాడు. చార్ అఠావన్ పక్కన పెడితే పెళ్లికొడుకు పక్కన తోటిపెళ్లికొడుకులా ఉంది.

"జమీర్ భాయ్, దున్న ఎంత పెద్దగుంటది?"

"మీ ఇంటికాడ బర్రె లేదా? దానికన్న మోటుగుంటది."

అంతే, లచ్చన్న ఫోన్ తీసి వీడియో కాల్ కలిపాడు. సమ్మవ్వ కొట్టంలో ఉంది.

"సమ్మవ్వా, జర బర్రె ఛాతీ కొలువే."

"ఏంది?"

"ఛాతీ. ముంగటి కాళ్ల ఎనుకనుంచి చుట్టు."

"ఏమయ్యా, బర్రెకు అంగీ కుట్టిస్తవా? దుబాయ్‌ల గా పని గూడ మొదలువెట్టిన్రా?"

"కొలువే తల్లీ, నా పానం మీదున్నది."

"నీ పానం నా బర్రె ఛాతీల ఎందుకున్నదయ్యా? అమ్ముతున్నవ్ గదా? ఎవనికో బేరం వెట్టినవ్. గా పక్కన గడ్డపాయన ఎవలు?"

జమీర్ సలాం చేశాడు. సమ్మవ్వ అతనికి నేరుగానే చెప్పేసింది, బర్రె ఈనేది ఉందని, అమ్మేది లేదని. ఆఖరికి తిట్టుకుంటూనే కొంగు తీసి బర్రె చుట్టూ తిప్పింది. కొంగు అందలేదు. దండెం మీది తువ్వాల ముడేస్తే అప్పుడు అందింది.

"చూసినవా భాయ్!" అన్నాడు లచ్చన్న. "ఇంట్ల కుడిది తాగి పెరిగినదానికే కొంగు సాల్తలేదు. దుడ్డుకర్రతోని కొడితే ఈగ వాలినట్టు చూస్తది. అడివిల పెరిగినదానికి నువ్వు గీ చిన్నది ఇస్తనంటవ్."

"బర్రె ఏరు, దున్న ఏరు అన్నా. గుండు లావుగుంటె గాదు, గుండెకాడ తగలాలె."

"లావుగుంటె యాడ తగిలినా తగులుతది."

బూ ఖల్ఫాన్ వచ్చి ఏంటని అడిగితే, అన్నిటికన్నా పెద్దదే మీకు తగినదని లచ్చన్న చేతులు కట్టుకుని చెప్పాడు. తగినది అన్నాక ఇంకేముంది. ముసలాయన గడ్డం దువ్వుకున్నాడు. కాగితాల పనంతా అయ్యాక చార్ అఠావన్ తుపాకీ ఇంటికొచ్చింది.

తర్వాత తుపాకీ పేల్చడం నేర్పే చోటికి వెళ్లారు. జమీర్ కూడా వచ్చాడు. బూ ఖల్ఫాన్ నిలబడ్డాడు, భుజానికి ఆనించాడు, "బిస్మిల్లా" అని నొక్కాడు. తలమీది గుడ్డ ఒకవైపు, దాని మీది నల్ల తాడు ఒకవైపు, చెప్పులు మొదటున్న చోటే, ఆయన మాత్రం వచ్చి లచ్చన్న మీద పడ్డాడు. కెటిల్ సొట్టపోయింది. ఎదురుగా గురి కాగితం పెళ్లిచూపులకు పంపే ఫోటోలా మచ్చ లేకుండా ఉంది.

"బాగుంది" అన్నాడు బూ ఖల్ఫాన్. కళ్లలో నీళ్లు.

మళ్లీ కాల్చాడు. మళ్లీ కాగితం కాగితంగానే ఉంది. జమీర్ లచ్చన్న చెవిలో, "ఇప్పుడు లోపల మందు లేని ఉత్త డొల్ల పెడుతున్నా. అర్బాబ్‌కు చెప్పకు, మొకం చూడు" అన్నాడు.

బూ ఖల్ఫాన్ నొక్కాడు. టక్‌మని చిన్న చప్పుడు, అంతే. కానీ ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు, పళ్లు బిగించాడు, గొట్టం నేలకు వంచాడు, పేలని తుపాకీకి కూడా వెనక్కి వచ్చి లచ్చన్న కాలు తొక్కాడు.

అప్పుడు లచ్చన్న లెక్క తిరగబడింది. దున్న సంగతి తర్వాత, ముందు ఈయనే కళ్లు మూసుకుని పేలుస్తున్నాడు. ఏ తూటా కోసం పట్టుబట్టాడో ఆ తూటానే ఇప్పుడు వదిలించాలి. కానీ అది మీకు తగినదని పొగిడింది తనే. మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, స్నేహితులందరికీ ఆ లావు తూటా చూపించి వచ్చాడు ముసలాయన, చిన్నదానికి దిగుతాడా?

జమీర్ మెల్లగా చెప్పి చూశాడు. "పిల్లలు కాల్చేదా అది?" అని బూ ఖల్ఫాన్ మొహం తిప్పుకున్నాడు.

లచ్చన్న ముందుకొచ్చాడు. వాళ్లిద్దరూ గల్ఫు హిందీలో మాట్లాడుకున్నారు, మన భాషలో చెబుతాను.

"బాబా, నేను మీ ఎనుక నిలవడ. దున్న దిక్కు నిలవడ్త."

"ఏం, పిచ్చా నీకు?"

"దున్న కండ్లు తెరుసుకోని వస్తది బాబా. మీరు కండ్లు మూసుకోని కాలుస్తున్రు. నాకు దున్న దిక్కే నయం."

బూ ఖల్ఫాన్ లచ్చన్నను చూశాడు, సొట్ట కెటిల్‌ను చూశాడు, మచ్చలేని కాగితాన్ని చూశాడు. పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వితే భుజం నొప్పి పుట్టి "ఆహ్" అన్నాడు, మళ్లీ నవ్వాడు.

"ఖలాస్. ఆ పిల్లల తూటా తే" అన్నాడు జమీర్‌తో.

తుపాకీ మార్చి ఇచ్చాక తీన్ పచత్తర్‌తో మొదటి దెబ్బకే కాగితానికి చిల్లు పడింది. వెళ్లేలోపు అన్నం పళ్లెమంత చోటులో వరసగా కొట్టడం నేర్చాడు, కళ్లు తెరుచుకుని. ప్రతిసారీ లచ్చన్న పక్కనుంచి వంగి కళ్లు చూసేవాడు.

టాంజానియాలో తోడు వచ్చిన వేటగాడు వాళ్లను గడ్డిలో పాకించి పాకించి తీసుకెళ్లాడు. ఎదురుగా మంద. ఒక ముసలి దున్న విడిగా నిలబడి ఉంది, నుదుటి మీద కొమ్ములు రుమాలు చుట్టినట్టు కలిసిపోయి. వేటగాడు నిలబెట్టిన కర్రల మీద బూ ఖల్ఫాన్ తుపాకీ ఆనించాడు. లచ్చన్న వంగి చూశాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. దేవుడా, బతికాననుకున్నాడు.

అప్పుడే ఆ దున్న పక్కకు తిరిగి, అక్కడున్న పచ్చటి మొలకల్లోకి మూతి పెట్టింది. లచ్చన్న పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి బర్రె పచ్చట్లో మూతి పెడితే ఒకే పని చేశాడు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"హైఁ! హైఁ! ఏ బర్రే, మర్లు! పరాయోళ్ల చేనే అది!"

దున్న తలెత్తి చూసింది. మరుక్షణం మందంతా దుమ్ము. వేటగాడు తల పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. తుపాకీ పేలనే లేదు. మిగిలిన రోజులన్నీ తిరిగినా ఇంకో దున్న కనబడలేదు. పట్టుకెళ్లిన తూటాలు పట్టుకెళ్లినట్టే తిరిగొచ్చాయి.

ఆ అరుపుకు అర్థమేంటో బూ ఖల్ఫాన్ దారిలో అడిగి చెప్పించుకున్నాడు. విమానం దిగాక, "చేను ఎవరిదిరా?" అని ఒక్కమాట అడిగాడు. అప్పటినుంచి నవ్వుతూనే ఉన్నాడు. ఈ సంవత్సరం మళ్లీ వెళ్తున్నారు, ఆ తూటాలతోనే. లచ్చన్న వద్దన్నా వినలేదు. నోరు మూసుకోవడం నేర్చుకుంటే చాలన్నాడు.

లచ్చన్న నేర్చుకుంటున్నాడు. రోజూ మేకలను పచ్చగడ్డి మడిలోకి వదిలి, ఎదురుగా కూర్చుని, పెదాలు బిగించి చూస్తుంటాడట. మేకలు బలిశాయి, మడి నున్నగా అయింది. అదలించలేక మనిషి చిక్కిపోయాడని చూసినవాళ్లు అంటున్నారు. మాట్లాడితే అలవాటు తప్పుతుందని ఫోన్ కూడా ఎత్తడం లేదు. సమ్మవ్వ నాకు చేసి ఏడుస్తోంది.

మీలో ఎవరైనా ఆ కొండలవైపు వెళ్తే ఓసారి ఆ తోట దగ్గర ఆగి లచ్చన్నను చూసి రండి. మేకలు మడిలో ఉంటే కాస్త మీరే అదలించండి. అన్నం తింటున్నాడో లేదో నాకు చెప్పండి.