సంతకు వెళ్లాడు, అంగడికి పోయిండు

‘వెళ్లాడు’ అనే మాట మీద నాకు కక్ష ఉంది. నవ్వితే నవ్వండి. మాట మీద కక్ష ఏంటి, ఈమెకు మతి చలించిందా అనుకుంటే అనుకోండి. చొప్పదండికి అవతల ఒక సర్కారు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతూ జుట్టు నెరిసినదాన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు, అందులో అబద్ధం లేదు. కానీ ఆ కోపాలన్నీ ఒక గ్లాసు చాయ్ తాగితే దిగిపోయేవి. ఇది దిగడం లేదు. ఎవరిని తిట్టాలో తెలియక నాలోనే ఉండిపోయింది.

మొదటినుంచీ ఫోన్‌ను తిట్టినదాన్ని కాదు నేను. కరోనాలో బళ్లు మూతపడి తెరిచాక, మా పిల్లలు అక్షరాలన్నీ కడిగేసుకుని వచ్చారు. రెండో తరగతి పిల్ల ‘అ’ చూసి బిత్తరచూపులు చూసేది. మా బడిలో కథల పుస్తకాలు లేవని కాదు, ఇనుప బీరువాలో ఉన్నాయి. పిల్లలు చింపుతారని దానికి ఎప్పుడూ తాళమే. అప్పుడు నన్ను ఆదుకున్నది ఇంటర్నెట్టే. పైసా అడగకుండా బొమ్మల కథలు ఇచ్చే సైట్లు, అక్షరాల పాటలు, గుణింతాల ఆటలు వెతికి వెతికి ఫోన్ నిండా దించుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు వరండాలో ఒకరి మీద ఒకరు పడి ఆ ఫోన్ చుట్టూ మూగేవాళ్లు. పేజీ తిప్పబోతే “ఆగుండ్రి టీచర్, ఇంక సదువలే” అని గోల. ఆ గోల వింటూ, ఈ వయసులో నాకీ ఉద్యోగం మళ్లీ కొత్తగా దొరికిందనుకున్నాను.

ఆ గుంపులో ఒక పిల్ల ఉండేది. మూడో తరగతి. బాపు, అంటే నాన్న, బొంబాయి దగ్గర భీమండిలో సాంచెలు నడుపుతాడు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు. అవ్వ, మా దిక్కు అమ్మను అట్లనే అంటాం, ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. ఆ పిల్లకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చాక ఆగలేదు. కారప్పొడి ప్యాకెట్టు, గోడ మీద ఎలక్షన్ల రాతలు, మిర్చిబజ్జీ కట్టిచ్చిన పేపరు, ఏది కనబడితే అది చదివేది. ఒకరోజు వాళ్ల అవ్వ బడి గేటు దగ్గర నన్ను ఆపింది. “టీచర్, అన్నం తినుకుంట గూడ పేపరు ముక్క సదువుతాంది. నాకు ఏలుముద్రనే. నా బిడ్డకు గా గతి రాకుంటె సాలు, ఇంకేం అద్దు నాకు” అంది. చదవడం తప్ప ఆ తల్లి తన బిడ్డకు ఇంకేమీ కోరలేదు. నేను మాటిచ్చాను.

అప్పుడు వచ్చింది ఆ యాప్. పైనుంచి వచ్చింది, ప్రతి బడీ వాడాల్సిందే అన్నారు. తెర మీద కథ ఒక్కో వాక్యంగా వస్తుంది. పిల్ల గట్టిగా చదవాలి, ఫోన్ వింటుంది. సరిగ్గా చదివిన మాట పచ్చగా మారుతుంది, తప్పు చదివితే ఎర్రగా. అన్నీ పచ్చగా వస్తే చుక్కలు, చప్పట్లు, ఆ లెక్క ఇంటివాళ్ల ఫోన్‌కూ చేరుతుంది. ఎరుపులు ఎక్కువైతే ఒక కుందేలు చెవులు వేలాడేసుకుని ఏడుపు మొహం పెడుతుంది. మాట పలకడం రాకపోతే పక్కన స్పీకరు బొమ్మ ఉంటుంది, నొక్కితే ఫోనే చదివి వినిపిస్తుంది. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. నలభై మంది చదువు ఒక్కదాన్నే వినలేక చస్తున్నాను, ఇది వింటుంది కదా అనుకున్నాను.

ఆ మూడో తరగతి పిల్లనే ముందు కూర్చోబెట్టాను. నాకు దాని మీద అంత నమ్మకం. తెర మీద వచ్చిన మొదటి వాక్యం, ‘తాత సంతకు వెళ్లాడు.’ పిల్ల కళ్లతో ఒకసారి చూసుకుంది, తలెత్తి గణగణమని చదివింది.

“తాత అంగడికి పోయిండు.”

తాత పచ్చగా అయ్యాడు. మిగతా రెండు మాటలూ ఎర్రగా అయ్యాయి.

ఇక్కడ జర ఆగి చూడండి. తెర మీద ‘సంత’ ఉంది, నోట్లోంచి ‘అంగడి’ వచ్చింది. ‘వెళ్లాడు’ ఉంది, ‘పోయిండు’ వచ్చింది. చివరి ‘డు’ తప్ప ఒకదానికీ ఇంకోదానికీ కలిసే అక్షరమే లేదు. మరి ఆ పిల్ల ఎలా చెప్పింది? చదివింది కాబట్టి! చదివి, అర్థం చేసుకుని, తాత ఎక్కడికి పోయిండో తన ఇంటి మాటలో నాకు చెప్పింది. చదవడమంటే ఇదే కదా? ముప్పై ఏళ్లుగా నేను పిల్లల్ని బతిమాలుతున్నది దీనికోసమే కదా? నేను ఎగిరి గంతేసేలోపే కుందేలు చెవులు వేలాడేసింది.

తర్వాత వాక్యం, ‘గోంగూర తెచ్చాడు.’ పిల్ల “పుంటికూర తెచ్చిండు” అంది. ఎరుపు. ‘చల్లని మజ్జిగ తాగాడు.’ “సల్లటి సల్ల తాగిండు.” ఎరుపే ఎరుపు. ‘ఇంటికి వచ్చాడు’ దగ్గర “ఇంటికి అచ్చిండు” అంది. మా దిక్కు ఆ మాటకు ముందు ‘వ’ ఎవరు పలుకుతారు చెప్పండి? ఆ ముసలాయన పాపం అంగడికి పోయి, కూర కొని, సల్ల తాగి ఇల్లు చేరేసరికి తెర నెత్తురు కారుతున్నట్టు అయింది. వెనక పిల్లలు నవ్వారు. “సదువుల పిల్లా, నీకు సదువే రాదట” అని ఒకడు అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. తెరకేసీ నా మొహంకేసీ మార్చి మార్చి చూసింది. “టీచర్, నేను సదివింది తప్పా?” అని అడిగింది.

“తప్పు కాదు బిడ్డా, వందసార్లు ఒప్పు” అన్నాను. నమ్మలేదు. చేత్తో పట్టుకుంటే వెలిగే ఫోన్ ఒకవైపు, చాక్‌పీసు దుమ్ములో నేనొకవైపు. ఎవరి మాట నెగ్గుతుంది?

యాప్‌లో ఫిర్యాదు బటన్ నొక్కితే ధన్యవాదాలు అని వచ్చింది. హెల్ప్‌లైన్‌కు చేస్తే ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. “మేడమ్, పిల్లలకు చిన్నప్పటినుంచే ప్రామాణిక తెలుగు అలవాటు చేయాలి కదండీ” అంది. “తల్లీ, మా పిల్లకు చదువు వచ్చింది, మీ ఫోన్‌కే చెవులు రాలే” అన్నాను. “మీ సూచన నమోదు చేసుకున్నానండీ” అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మా హెడ్మాస్టరు, పెద్దసారు దగ్గర మొత్తుకుంటే ఆయన తన కుర్చీ నా వైపు జరిపి మెల్లగా చెప్పాడు. “మేడం, మనకెందుకు గీ లొల్లి? పైనుంచి అచ్చింది. పచ్చగ కనబడాలె, గంతే. మీరు పరేషాన్ గాకుండ్రి.”

చూడండి, ఇది రాస్తూ నేను కూడా ‘చెప్పాడు’ అనే రాస్తున్నాను. అచ్చులో రాయాలంటే నా చేతికీ అదే అలవాటు చేశారు. నా నోరు మాత్రం ‘చెప్పిండు’ అంటుంది. నేను ఇన్నేళ్లు చదివి రెంటినీ మోయగలుగుతున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల ఎట్లా మోస్తుంది?

ఉట్నూరు దిక్కు పనిచేస్తున్న నా స్నేహితురాలికి ఫోన్ చేసి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె కూడా టీచరే, గోండు పిల్లల బడి. అంతా విని నిట్టూర్చింది. “నీకు సంత, అంగడి లొల్లి. మా పిల్లలకు రెండూ పరాయి మాటలే. నీళ్ల బొమ్మ చూపెడితె ‘ఏర్’ అంటరు, ఎర్రగైతది. ఇగ ఫోన్ ముంగట నోరే తెరుస్తలేరు. ఎవలకు చెప్పుకుంటం? ఊకో” అంది. ఓదారుస్తుందనుకుని చేస్తే, నా దుఃఖం ఎంత చిన్నదో చెప్పి పెట్టేసింది.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? నేనే కథలు రాయడం మొదలుపెట్టాను. అంగడి, గొడుగుకు ఛత్రి, సొరకాయకు ఆనిగెపుకాయ, పోయిండు, అచ్చింది, అన్నీ మా మాటలే. ఫోన్‌లో టైపు చేసి, నా గొంతుతో చదివి, అవ్వల ఫోన్లకు వాట్సాప్‌లో పంపాను. మర్నాడు ఆ పిల్ల బడికి పరుగెత్తుకుంటూ వచ్చింది. “టీచర్, గీ కథల మా అవ్వ మాట్లాడినట్టే ఉన్నది! మా మాటలు గూడ రాస్తరా?” అంది. రాస్తారు బిడ్డా అన్నాను. ఆ రోజు ఆ పిల్ల కథను ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి, నవ్వుకుంటూ చదివింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది, దాన్ని తలుచుకోవాలంటేనే భయమేస్తుంది.

ఎందుకంటే ఆ వారంలోనే వాళ్ల అవ్వ వచ్చింది. చేతికి పొగాకు వాసన, మొహం ఎర్రబడి ఉంది. గొడవ పెట్టుకోవడానికి రాలేదు, అడగడానికి వచ్చింది. “టీచర్, మేం గిట్ల మాట్లాడుకుంటనే బీడీలు సుట్టుకుంట బతుకుతున్నం. భీమండిల మా ఆయన గిట్ల మాట్లాడుకుంటనే సాంచెల కాడ పడి సస్తుండు. గీ మాటలు నేర్సుకోనీకి నా బిడ్డ బడికి రావాల్నా? గివ్వి మా ఇంట్ల లెవ్వా? ఫోను తప్పంటాంది, మీరు ఒప్పంటున్నరు. ఫోను అబద్ధం చెప్తదా టీచర్?”

ఏమని చెప్పను? నీ మాట కూడా మాటే చెల్లె, దానికీ అక్షరాలున్నాయి, అని చెబితే ఆ మాట ఆమెకు కూడు పెట్టిందా? ఆ మాటతో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఆమె తిన్న చీదరింపులు నాకు తెలుసు, నేనూ కొన్ని తిన్నదాన్నే. నా కథలు పంపడం ఆపేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లు పిల్ల ఫోన్ ముందు గుటకలు మింగుతూ కూర్చునేది. ఒకరోజు ఉన్నట్టుండి అన్నీ పచ్చగా వచ్చాయి. చుక్కలు, చప్పట్లు. పెద్దసారు వచ్చి తల నిమిరాడు. నేను సంతోషపడబోయి, పక్కన కూర్చుని గమనించాను. పిల్ల వాక్యం కేసి చూడడం లేదు. ముందు స్పీకరు బొమ్మ నొక్కుతోంది, ఫోన్ చదువుతోంది, అదే రాగంతో, అదే సాగదీతతో తిరిగి అప్పజెబుతోంది. సంతకు వెళ్లాడు. ఇంటికి వచ్చాడు. ఒక్క ఎరుపు లేదు.

“కథల తాత ఏం జేసిండు బిడ్డా?” అని అడిగాను.

“తెల్వది టీచర్.”

ఆ స్పీకరు లేని కాగితం ఒకటి, ఆ పిల్ల ఇదివరకు నవ్వుకుంటూ చదివిన నా కథనే, చేతికిచ్చాను. స్పీకరు బొమ్మ కోసం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ముందుగాల మీరు అనుండ్రి టీచర్, ఎనుక నేనంట” అంది. కొట్టినా నొప్పి లేని చోట ఎక్కడో దాక్కున్న మొహం అది. ఎన్ని రోజులు కూర్చోబెట్టుకున్నానో, ఎంత బతిమాలానో, చివరికి ఎంత కసురుకున్నానో! దున్నపోతు మీద వాన పడ్డట్టే, ఆ పిల్ల కదల్లేదు. యాప్ లెక్కలో మాత్రం ఆ పిల్ల ‘ధారాళంగా చదివే’ పిల్లల వరుసలోకి వెళ్లింది. తప్పులు చదివే పిల్లలకు పెట్టే ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టడానికి నాకు ఇక వీల్లేకపోయింది. చదువు వచ్చినన్నాళ్లు రాదన్నారు, పోయినాక వచ్చిందన్నారు. ఛీ, ఏం బతుకు మాది!

ఎండాకాలం సెలవులిచ్చాక చొప్పదండి బస్టాండులో తల్లీబిడ్డలు కనబడ్డారు. భీమండి నుంచి బాపు వస్తున్నాడట, కరీంనగర్‌లో దిగుతాడట, ఎదురుపోతున్నారు. అవ్వ నన్ను చూసి సంబరపడింది. “మీ దయ టీచర్, ఫోన్ల అన్నీ సుక్కలే ఉన్నయి. మా ఆయనకు సూపెడ్త” అంటుండగానే రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి.

“ఏది మనది బిడ్డా? సదువు” అంది అవ్వ.

పిల్ల తలెత్తి బోర్డు కేసి చూసింది. నేను ఆ పిల్ల పెదాలనే చూస్తున్నాను. కదిలాయి. క, రీం, అని చప్పుడు లేకుండా కదిలాయి, నా మీద ఒట్టు. అను బిడ్డా, అను. ఒక్కసారి గట్టిగా అను. పిల్ల నావైపు చూసి, పెదాలు మూసుకుంది. మొదటి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కండక్టర్ నోటివైపు చూస్తూ నిలబడింది.

“కరీంనగర్, కరీంనగర్!” అని అరిచాడు కండక్టర్.

“కరీంనగర్” అంది పిల్ల, ఫోన్ పలికినంత శుభ్రంగా.

“సూసిండ్రా టీచర్, ఎంత మంచిగ సదివిందో!” అంది అవ్వ. కళ్లల్లో నీళ్లు. “నాకు గీ బోర్డు ఏనాడు సదువరాలే.”

“మంచిగ సదివింది చెల్లె” అన్నాను.

ఆమె నా చేయి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది, బిడ్డను ముందు ఎక్కించి తను ఎక్కింది.