అమ్మ కథలకు వైరస్ పట్టిన ఏడాది

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న రోజులవి... మన్యంలో పెదబయలు దగ్గర మా బడిలో, ఉన్న ఒక్క కంప్యూటర్ పక్కన అమ్మ బెదురుగా కూర్చుని ఉంది. పసుపు తవ్వుతున్నదాన్ని నేనే లాక్కొచ్చాను. చేతుల మట్టి కూడా కడుక్కోలేదు.

విజయనగరం నుంచి వచ్చిన మా లెక్కల సారు, అమ్మ చేత మా భాషలో పదకొండు కథలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేశారు. అయ్యాక అమ్మ అడిగింది, "ఇంతసేపు సెప్పాను, ఇది ఏటి సేత్తది సారూ?" అని.

సారు ఆ కథలన్నీ కలిపి ఒక ప్రోగ్రాము తయారుచేశారు. నక్క బొమ్మ నొక్కితే నక్క కథ, జీలుగు చెట్టు నొక్కితే చెట్టు కథ... అమ్మ గొంతుతో.

ఆ వానాకాలం అమ్మకి జ్వరమొచ్చింది. డోలీ కట్టి మోసుకెళ్లారు, రోడ్డు దాకా అమ్మ ప్రాణం నిలవలేదు. ఇంట్లో ఫోన్ లేదు, ఫొటో లేదు. మాకు మిగిలింది ఆ ప్రోగ్రాము ఒక్కటే...

మా ఊళ్లో వేటకెళ్లినవాళ్లు ఏం తెచ్చినా గడప గడపకీ వాటా వెయ్యాల్సిందే. ఒక్కరే ఉంచుకోవడం మాకు తెలియదు. నాన్న కూడా అదే అన్నాడు, "మీయమ్మ కతలు మనకొక్కలికే దాసుకుంటే ఎలాగే?" అని. సారు పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, కంప్యూటర్ ఉన్న నాలుగు బళ్లకీ ఆదివారాలు నడిచి వెళ్లి ఎక్కించి వచ్చాను. ఎంత గర్వపడ్డానో!

నెల తిరగలేదు... మా కంప్యూటర్ మూలగడం మొదలెట్టింది. ఏది తెరిచినా తెరుచుకోదు. వైరస్ అన్నారు సారు. సంతలో పాటలు ఎక్కించే కొట్టు నుంచి ఎవరిదో పెన్‌డ్రైవ్ ద్వారా ఒక బడికి వచ్చింది, అక్కడి నుంచి నేను తిప్పిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కి మా కంప్యూటర్‌కి చేరింది. అది విడిగా ఉండే ఫైలు కాదట... ప్రోగ్రాముకి అంటుకుని ఉంటుంది. మనం ఆ ప్రోగ్రాము తెరవగానే ముందు అదే లేచి, పక్కనున్న ప్రోగ్రాములకీ, పెట్టిన పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది. ఫొటోలనీ పాటలనీ ముట్టుకోదు. అమ్మ గొంతు వట్టి ఆడియోగా ఉండి ఉంటే బతికేది. పిల్లలు బొమ్మ నొక్కి వింటారని సారు ప్రోగ్రాము చేశారు...

సారు శుభ్రమైన సీడీతో కంప్యూటర్ ఆన్ చేసి, లోపలిది ఏదీ తెరవకుండా యాంటీవైరస్‌తో వెతికించారు. పట్టిన ప్రోగ్రాములు తీసేసి, అసలు సీడీల నుంచి మళ్లీ ఎక్కించారు. అమ్మ కథలకి అసలు సీడీ ఎక్కడిది? ఫోన్‌లోవి చోటు చాలక సారు ఎప్పుడో తుడిచేశారు. అయినా అదృష్టం... అంటుకున్న వైరస్‌ని విడదీయడం కుదిరింది. అమ్మ మళ్లీ మాట్లాడింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

సారు దసరా సెలవులకి ఊరెళ్తూ గట్టిగా చెప్పారు. ఖాళీ సీడీ తెస్తాను, ఇంకో కాపీ దాద్దాం, మిగతా బళ్ల కంప్యూటర్లు కూడా బాగయ్యేదాకా పెన్‌డ్రైవ్ ఎక్కడా పెట్టకు అని.

ఆ వారం సంతలో పక్క ఊరి పిల్లలు కనపడి, మీ అమ్మ కథలు రావట్లేదన్నారు. నాకు ప్రాణం ఆగలేదు. అమ్మ పేరున పంచిన వాటా చెడిపోయిందంటే ఎలా ఊరుకుంటాను? వాచ్‌మన్ తాత దగ్గర మా బడి తాళం అడిగి, బాగైన కాపీ తీసుకుని, అక్కడా తాళాలు తీయించుకుంటూ మళ్లీ నాలుగు బళ్లూ తిరిగాను. తిరిగొచ్చి అదే పెన్‌డ్రైవ్ మా కంప్యూటర్‌కి పెట్టాను...

ఈసారి అమ్మ కథలు తెరిస్తే, తెర మీద తెల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని అలాగే ఆగిపోయింది. సెలవులయ్యాక సారు తెచ్చిన ఖాళీ సీడీ సంచిలోనే ఉంది. పాడేరు నుంచి మెకానిక్‌ని పిలిపించారు. సాయంత్రం దాకా చూసి ఆయన, "అంటుకోడం కాదు గుంటా, ఈసారి వైరస్ లోపల సగం కతల మీదే రాసేసింది. ఇంక బాగవదు. ఉంచితే మిగతావన్నీ మళ్లీ పోతాయి. తీసీమంటావా?" అని నన్నే అడిగాడు.

నేను తలూపాను.

తర్వాత సారు ఐదు కంప్యూటర్లూ, ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ ఒకేసారి శుభ్రం చేయించారు. వైరస్ మళ్లీ రాలేదు. మిగతా నాలుగు చోట్లా వెతికాం... అన్నీ విరిగిన కాపీలే, అన్నీ నేను పంచినవే. అదే ఇప్పటికీ భరించలేను.

ఇప్పుడు మా ఊళ్లో పసిపిల్ల నవ్వినా వీడియో తీస్తున్నారు. నా కూతురు, నానమ్మ గొంతు విన్నాను, అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదని అడుగుతుంది. నాకే సరిగా గుర్తు రావడం లేదు...

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల బళ్లలో చదివినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే... మూలన పడేసిన పాత హార్డ్‌డిస్కో, పెన్‌డ్రైవో ఉంటే కామెంట్‌లో చెప్పండి. నక్క బొమ్మ ఉంటుంది. ఉండదని తెలుసు... వైరస్ ఉన్నా సరే, నేనే వచ్చి తీసుకెళ్తాను.