మేస్త్రికి వినపడని శబ్దం

ఆ వీధిలో అందరూ అతన్ని చెవి మేస్త్రి అనేవారు. పాత మోటార్ సైకిల్ కొనాలనుకున్నవాళ్లు ముందు బండిని అతని షెడ్డుకి తెచ్చుకునేవారు. మేస్త్రి బండి స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. పైన టిక్కుటిక్కుమంటే ట్యాపెట్లు వదులు, బిగిస్తే సరిపోతుంది. రేజ్ చేసినప్పుడు లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నట్టుంటే బేరింగ్ పోయింది, ఆ బండి జోలికి పోవద్దు. చల్లగా ఉన్నప్పుడు టకటకలాడి వేడెక్కాక సద్దుమణిగితే పిస్టన్ అరిగింది, కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఎడమవైపు సన్నగా, తాళంచెవుల గుత్తి కదిలినట్టు గలగలమంటే లోపల వాల్వుల్ని నడిపే టైమింగ్ చైన్ సాగింది, వెంటనే మార్చాలి. ఇదంతా విని అతను "తీసుకో" అనో "వదిలెయ్" అనో ఒక్క ముక్క చెప్పేవాడు. దాని మీదే బేరాలు కుదిరేవి, చెడేవి.

చెవి ఎంత పదునో కోపం అంతకు రెండింతలు. మళ్లీ అడిగినవాడి మీద విరుచుకుపడేవాడు. పనివాళ్లెవరూ అతని దగ్గర నిలవలేదు. షెడ్డు ముందు గదిలో స్పేర్ పార్టులు అమ్మే భార్య ఒక్కతే ఆ నోటికి అలవాటు పడిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఇళ్లకు రొట్టెలు వేసే మనిషి ట్రాలీలో తన బండిని ఎక్కించుకుని వచ్చాడు. అతని కుడిచేతికి కట్టు ఉంది.

"మీ మాట మీద కొన్న బండి మేస్త్రీ. మీ తమ్ముడి దగ్గర. ఎడమవైపు ఏదో గలగలమంటోందని తర్వాత కూడా తెచ్చాను. కసిరి పంపేశారు."

"నేను చెవి పెట్టి చూసిన బండి అది. శబ్దం లేదంటే లేదు. ఆయిల్ లేకుండా తిప్పుంటావు."

"ఆయిల్ మీరే మార్చారు. నిన్న మలుపులో ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోయింది. వెనకాల లారీ. నేను పక్కకి దూకాను కాబట్టి చెయ్యి విరగడంతో పోయింది."

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. తప్పు రొట్టెల మనిషిదేనని రుజువు చేద్దామని అప్పటికప్పుడే ఇంజన్ విప్పాడు. టైమింగ్ చైన్ పట్టు తప్పి వేలాడుతోంది. చక్రం పళ్ల మీంచి అది జారడంతో వాల్వులు వెళ్లి పిస్టన్‌కి కొట్టుకుని వంగిపోయాయి. చైన్ రాసుకుని రాసుకుని లోపలి గోడ మీద గాడి పడి మెరుస్తోంది. అలాంటి గాడి ఒక్క రోజులో పడేది కాదు. ఆ చైన్ బండి కొన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉండాలి.

రొట్టెల మనిషి వంగి చూశాడు. "ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

మేస్త్రి చేతిలోని స్పానర్‌ని గోడకేసి కొట్టాడు. "బండి వదిలి వెళ్లు. చేసి పెడతాను."

అతను వెళ్లాక భార్య మీదికి తిరిగాడు.

"ఈ బండి శబ్దం నువ్వు విన్నావా?"

"విన్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు అటు తిరిగి ఉన్నారు."

మేస్త్రి నోరు తెరిచాడు గాని ఆమె ఆగలేదు. "ఫోన్ మీ పక్కనే మోగుతుంటే నేను వంటింట్లోంచి పరుగెత్తుకొస్తాను. ఇంట్లో అందరూ గొణుగుతున్నారని తిడతారు. ఎవరూ గొణగడం లేదు. మీకు సన్నవి వినపడటం మానేసి చాలా కాలమైంది."

"నోర్ముయ్" అన్నాడు. అన్నాడే గాని బయటికి వెళ్లి, బాగుందో లేదో చెప్పమని తమ్ముడు వదిలిపెట్టి వెళ్లిన ఇంకో బండి స్టార్ట్ చేశాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. మందంగా ఒక గుర్రుమనే శబ్దం, అంతే. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ పడేసి ఎడమవైపు మూత మీద అరచెయ్యి పరిచాడు. కాసేపటికి వేళ్ల కింద ఏదో చిటపటమని, లయ లేకుండా పొడుస్తున్నట్టు తెలిసింది. ఈసారి స్క్రూడ్రైవర్ తీసి మొనను అక్కడే ఆనించి, పిడిని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. దవడ అదిరింది.

"ఇది కూడా చైనే" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "వాడు ఈ మధ్య తెచ్చినవన్నీ ఇలాంటివేనా?" అని అడిగాడు.

భార్య గుమ్మం దిగి వచ్చింది. "నేనే చెప్పాను మీ తమ్ముడికి."

"ఏమని?"

"మీ అన్నయ్యకి సన్నవి వినపడటం లేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, నేను చెబితే మీద పడి కరుస్తారు అని." ఆమె ముందు గది తలుపు దభీమని లాగింది. "తీసుకెళ్లకపోగా ఈ బండ్లు తెచ్చి మీ ముందు పెట్టాడు. పదండి."

ముందు చెప్పులు వేసుకున్నది ఆమే.

పాత బండ్లు కొని అమ్మే తమ్ముడి స్థలం వీధి చివర. ఎవరో భార్యాభర్తలు ఒక బండి చుట్టూ తిరిగి చూస్తున్నారు. అన్నను చూడగానే తమ్ముడి ముఖం విప్పారింది.

"సమయానికొచ్చావు అన్నయ్యా. వీళ్లకి ఒక్క మాట చెప్పు."

"స్టార్ట్ చెయ్" అన్నాడు మేస్త్రి. మూత మీద చెయ్యి పెట్టాడు. "చైన్ పోయింది. కొనకండి." పక్క బండి దగ్గరికి వెళ్లాడు. "ఇది కూడా స్టార్ట్ చెయ్."

తమ్ముడు కదల్లేదు.

"నీకు తెలుసా, తెలియదా?"

"పాత బండి అన్నాక ఏదో ఒకటి ఉంటుంది. నువ్వు బాగుందన్నావు, నేను అమ్మాను. అందులో నా తప్పేముంది?"

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని కదా నీకు చెప్పాను?" అంది మేస్త్రి భార్య.

"ఊరుకో వదినా, జనం చూస్తున్నారు."

"చూడనీ."

"సరే, చెబితే ఒప్పుకునేవాడా?" తమ్ముడు గొంతు పెంచాడు. "చెవి పోయిందంటే నా తల పగలగొట్టేవాడు. ఆ సంగతి నీకూ తెలుసు. అందుకేగా నా దగ్గరికొచ్చావు?"

మేస్త్రి అతని కాలర్ పట్టుకున్నాడు. భార్య ఆపలేదు. తమ్ముడి మాటలో నిజం ఉందని మేస్త్రికి తెలుసు, అందుకే ఇంకా ఎక్కువ మండింది. చివరికి తనే వదిలాడు.

"నా చెవి పోయిందని తెలిసి నా నోరు అమ్ముకున్నావు. ఇక నా షెడ్డు గడప తొక్కకు."

కొనడానికి వచ్చిన ఆ ఇద్దరూ అప్పటికే గేటు దాటారు.

డాక్టరు పరీక్ష చేసి, ఇన్నేళ్ల షెడ్డు మోత వల్ల నరం దెబ్బతిందని, తిరిగి రాదని చెప్పాడు. చెవికి మిషన్ ఇచ్చాడు. షెడ్డులో అది పెట్టుకుంటే ప్రతి సుత్తి దెబ్బా పుర్రెలో దిగుతున్నట్టుండేది. రెంచీలు పెట్టే సొరుగులోకి గిరాటేసి, ఇంటికెళ్లేటప్పుడు మాత్రం తగిలించుకోవడం మొదలుపెట్టాడు. శబ్దం చూపించడానికి వచ్చినవాళ్లకి ముందే చెప్పేసేవాడు. "నాకు సన్నవి వినపడవు. మా ఆవిడ వింటుంది, నేను చెయ్యి పెట్టి చూస్తాను. ఇష్టమైతే ఉండండి." చాలామంది ఉండలేదు. వాళ్లు వెళ్లాక అతను తిట్టే తిట్లు వీధి చివరిదాకా వినపడేవి.

రాజీ చేద్దామని పిన్ని వచ్చి కూర్చుంది. "చిన్నవాడు, తెలియక చేశాడు. ఎన్నాళ్లురా ఈ పంతం?"

"వినపడలేదు పిన్నీ" అన్నాడు.

ఆవిడ దగ్గరికి జరిగి గట్టిగా చెప్పింది.

"ఇంకా వినపడలేదు."

కాఫీ తెచ్చిన భార్య నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

రొట్టెల మనిషి బండికి మేస్త్రి కొత్త చైన్, వాల్వులు వేశాడు. భార్య చెవి ఆనించి "శబ్దం లేదు" అన్నాకే అప్పగించాడు. అతను కట్టు లేని చేత్తో తాళం తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు, మళ్లీ ఆ షెడ్డు మెట్లెక్కలేదు. రోజూ దాని ముందునుంచే వెళ్తాడు, తల మాత్రం తిప్పడు.

"అంత చేసి పెడితే పలకరింపు కూడా లేదు చూడు" అని మేస్త్రి ఒకసారి రుసరుసలాడాడు.

"అతను మోచెయ్యి పూర్తిగా చాపలేడట" అంది భార్య, అతనికి ఎదురుగా వచ్చి నిలబడి, ప్రతి మాటా తెలిసేలా.

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుని, తరువాతి బండి పక్కన కూర్చున్నాడు.