అంగడి లేదనుకునే దినం

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల్లో, నంద్యాలలో కుందూ ఏటి ఒడ్డుకు దగ్గరగా మా జేజినాయనకు మోటార్లు చుట్టే అంగడి ఉండేది. జేజినాయనంటే మా నాయనకు నాయన. సంజామల నుంచి, ఆళ్లగడ్డ నుంచి రైతులు కాలిపోయిన బావి మోటార్లను తెచ్చేవాళ్లు. లోపలి రాగితీగ తీసేసి, కొత్త తీగను కట్టె అచ్చుల మీద చుట్టి మోటారుకు ఎక్కించాలి. మోటారు సైజుకొక అచ్చు. అచ్చు లేకపోతే పని ఆగిపోతుంది, పని ఆగితే అక్కడ పైరు ఎండిపోతుంది.

నేను పుట్టకముందు ఒకసారి ఏరు పొంగి అంగడి సామానంతా పోయిందట. ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ అర్ధాకలితో గడిపారట. అప్పటి నుంచి జేజినాయన ఏటా వానలకు ముందు ఒక పొద్దున అంగడికి తాళం వేసి, "ఈ పొద్దు మనకు అంగడి లేదనుకోండి" అనేవాడు. ఆ రోజు పనంతా మిట్ట మీద మా మేనత్త ఇంటి వసారాలో జరగాలి. అక్కడొక కట్టెపెట్టెలో ప్రతి అచ్చుకూ జత అచ్చు, కొంత తీగ, పనిముట్లు ఉండేవి. అంగట్లో నుంచి ఒక్క మేకు కూడా తేకూడదు. బజారంతా నవ్వేది, ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆ పెట్టె బాగోగులు మా చిన్నాయనవి. నన్ను సైకిలెక్కించుకుని ఊరంతా తిప్పే మనిషి. ఆయన్ని ఎవరైనా ఒక మాటంటే నాకు ఏడుపొచ్చేది.

నా పదో ఏట ఆ దినం పెట్టె తెరిచే పని నాకు అప్పజెప్పారు. అడుగున పెద్ద మోటారు అచ్చును చెదలు తినేశాయి, పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. చూస్తే జేజినాయన నలుగురిలో చిన్నాయనను కడిగేస్తాడు. పరుగున పోయి అంగడి వెనక కిటికీలో దూరి, అక్కడి అచ్చు తెచ్చి పెట్టెలో పెట్టాను. సాయంత్రం దాన్ని మళ్లీ అంగట్లో దాని చోటే పెట్టేశాను. జేజినాయన "అంతా ఉండాది" అని నా తల నిమిరాడు. నేను పొంగిపోయాను కూడా, ఎంత సిగ్గులేనిదాన్నో.

ఆ వానల్లోనే కుందూ పొంగింది. మధ్యాహ్నానికి నీళ్లు అంగడి మెట్లెక్కాయి. జేజినాయన అందరినీ మేనత్త ఇంటికి చేర్చి, ఏదీ తేవద్దు, అన్నీ పైన ఉన్నాయన్నాడు. అంత వరదలోనూ ఆయన ముఖం నిమ్మళంగా ఉంది. పెద్ద అచ్చు పైన లేదని నాకొక్కదానికే తెలుసు. చిన్నాయన చొక్కా పట్టుకుని చెవిలో జరిగింది చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"జేజినాయనకు చెప్పొద్దు. బేగా వస్తా" అని దిగిపోయాడు.

అంగడివి మట్టిగోడలు. వెనక గోడ కూలిందని సాయంత్రం ఎవరో వచ్చి చెప్పారు. మర్నాడు నీళ్లు తీశాక మట్టి కింద చిన్నాయన దొరికాడు. అచ్చు చంకలోనే ఉంది.

దినాలయ్యాక నేను జేజినాయన దగ్గరికి పోయి అంతా చెప్పాను.

"ముందే చెప్పింటే ఒక్క దినంలో ఇంగోటి చెక్కింటి గదమ్మా" అన్నాడు. "ఏది లేదో తెలుసుకునేకే గదా ఆ దినం పెట్టింది."

కొట్టి ఉంటే బాగుండేది.

కొద్ది రోజులకే వసారాలో పని మొదలైంది. ఆళ్లగడ్డ రైతుల మోటార్లు వేళకు అందాయి. బజారు జేజినాయన ముందుచూపును మెచ్చుకుంటే ఆయన అక్కడి నుంచి లేచిపోయేవాడు. చిన్నాయన తెచ్చిన అచ్చును ఆయన ముట్టుకోలేదు. పొద్దున్నే కూర్చుని కొత్తది చెక్కడం మొదలుపెట్టాడు, పొద్దు గూకక ముందే అయిపోయింది. నేను స్తంభం పక్కన నిలబడి చివరిదాకా చూశాను.

పెద్దయ్యాక నేను కుట్టు అంగడి పెట్టుకున్నాను. ఏటా వానలకు ముందు ఒక రోజు దానికి తాళం వేసి, ఇంట్లో ఉంచిన జత సామాన్ల పెట్టెతోనే పని చేయిస్తాను. అన్నీ ఉన్నాయని ఎవరైనా అంటే ఇప్పటికీ నేనే మళ్లీ పెట్టె తెరిచి చూస్తాను. పోయినేడు, పనిలో కొత్తగా చేరిన పిల్ల వచ్చి, "పెట్టెలో పెద్ద కత్తెర లేదక్కా, నేనే పోగొట్టినా" అంది. ఆ పిల్ల చేయి పట్టుకున్నాను. చాలాసేపు వదల్లేకపోయాను.