మెట్ట తాబేలుకు చలవ తిండి

నాకు కుదురు లేదని మా మామ్మ వాడంతా చెప్పుకునేది. ఆవిడ నాకు పెట్టిన పేరు కాలుగాలిన పిల్లి. అబద్ధమని అనను. బడిలోనైనా, భోజనం దగ్గరైనా పట్టుమని పది నిమిషాలు కూర్చోలేకపోయేదాన్ని. ఇప్పటికీ అంతే.

అలాంటిదాని చేతిలో, నా పదో ఏట, మా మామయ్య తాబేలు పిల్లను పెట్టాడు. డెబ్బైల్లో ఒక వేసవి అది. మైలవరం దగ్గర తన మామిడితోటలో కంచె కొడుతుంటే దొరికిందట. నిమ్మకాయంత ఉంది. నల్లటి డిప్ప మీద పచ్చని గీతలు. గుడ్డసంచీలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు.

"మెట్ట తాబేలే ఇది. నీళ్ళల్లో వదిలేవు, చచ్చిపోద్ది," అని చెప్పి, కాఫీ తాగి, బస్టాండుకి వెళ్ళిపోయాడు. ఏం తింటుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, తాబేలు సంగతి ఒకరు మాకు చెప్పాలా!

మా ఇల్లు వన్‌ టౌన్‌లో, కొండ కింద, రెండు గిడ్డంగుల మధ్య ఇరుకు సందులో ఉండేది. ఎండాకాలం కొండ కాగితే రాత్రి దాకా ఆ సెగ మా గోడల్లోంచి వచ్చేది. మామ్మ దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే జాతులు: వేడి చేసేవి, చలవ చేసేవి. వేసవి మూడు నెలలూ మా ఇంట్లో వేడి చేసేదేదీ గడప దాటి వచ్చేది కాదు.

"పసిగుడ్డు, వడదెబ్బ తగిలితే తట్టుకుంటుందే?" అని మామ్మ దాన్ని మంచినీళ్ళ కుండ పక్కన, చీకటి మూలలో, తడి గోనెపట్టా మీద పెట్టించింది. పొద్దున్న పెరుగన్నం. మధ్యాహ్నం కీరదోసకాయ. సాయంత్రం పుచ్చకాయ ముక్క, దొరికిన రోజు తాటిముంజ. పుచ్చకాయ రుచి మరిగింది తాబేలు. ఎర్రటి ముక్క కనిపిస్తే మెడ బారెడు చాచేది. చూసి మేమిద్దరం పొంగిపోయేవాళ్ళం.

నేను ఐదు నిమిషాలకోసారి లేచి వెళ్ళి చూసేదాన్ని. కదిలిందా, తిన్నదా, ఊపిరి పీలుస్తోందా? ఎత్తి చూడటం, తిప్పి చూడటం, డిప్ప నొక్కి చూడటం. నెల తిరిగేసరికి ఆ డిప్ప నా బొటనవేలి కింద లొంగడం మొదలుపెట్టింది. వాడిపోయిన వంకాయను నొక్కినట్టుంది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తోంది.

సందుకి అవతల సైన్సు టీచరు గారు ఉండేవారు. క్రైస్తవులు. మేడ మీద నాలుగు కోళ్ళను పెంచుకునేవారు. తాబేలును పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ డిప్పను ఒక్కసారి తాకి, వెంటనే వేలు తీసేశారు.

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

నేను గర్వంగా అంతా ఏకరువు పెట్టాను. ఆవిడ చివరిదాకా విని, "చలవ మనకి కావాలమ్మా. ఇది రాళ్ళల్లో, ముళ్ళపొదల్లో పుట్టింది. ఎండ లేకపోతే దీనికి ఎముకే గట్టిపడదు. అన్నం, పళ్ళు పూర్తిగా మానెయ్యండి," అన్నారు.

ఇకనుంచి మునగాకు, గలిజేరాకు, మందార పువ్వు, లేత గడ్డి. ఆకుల మీద గుడ్డుపెంకు పొడి చిటికెడు. పొద్దున్నే డాబా మీద లేత ఎండ, పక్కనే కాస్త నీడ. అన్నీ చెప్పి, గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచారు.

"ఇంకో మాట అమ్మాయ్. అస్తమానం నొక్కి చూడకు."

అలాగేనండీ అన్నాను. ఆ ఒక్కటీ తప్ప ఆవిడ చెప్పినవన్నీ చేశాను.

తాబేలు నాలుగు రోజులు ఆకు ముట్టలేదు. పుచ్చకాయ కోసం మెడ చాచి, మునగాకు చూసి మెడ లోపలికి లాక్కునేది. డాబాకీ వంటింటికీ మధ్య మెట్లు అరగదీశాను. ఎక్కిన ప్రతిసారీ వేలితో నొక్కేదాన్ని. గట్టిపడిందా? లేదు. ఇప్పుడో?

నాలుగో రోజు మామ్మ పుచ్చకాయ ముక్క పట్టుకుని ఆయాసపడుతూ డాబా ఎక్కింది. "ఆకలికి మాడ్చి చంపుతావే దాన్ని? పాపం చుట్టుకుంటుంది."

"నువ్వూ నీ చలవా! దాన్ని ఇట్లా చేసింది నువ్వే!" అని అరిచాను. ఆవిడ ముక్క పిట్టగోడ మీద పెట్టి దిగిపోయింది. పెట్టినదాన్లో సగం నేనూ పెట్టానని నాకు తెలుసు.

ఐదో రోజు పొద్దున్న మందార రేక ఒకటి కొరికింది. మూతంతా ఎర్రగా అయింది. నేను ఏడ్చాను.

గుడ్డుపెంకు పొడి టీచరు గారే నూరి, పొట్లం కట్టి ఇచ్చేవారు. మా ఇంట్లో గుడ్డు మాటే ఎత్తకూడదు. "ఏమిటే ఆ పొట్లం?" అంది మామ్మ. "సున్నం," అన్నాను. "ఓహో, తాబేలు కిళ్ళీ వేసుకుంటోందన్నమాట," అని అటు తిరిగి కూర్చుంది. మర్నాటినుంచి పొట్లం అయిపోగానే "సున్నం తెచ్చుకోవే" అని గుర్తు చేసేది కూడా ఆవిడే.

తొలకరి పడేసరికి తాబేలు నాలుగు కాళ్ళ మీదా లేచి నడిచింది. డిప్ప మోగేంత గట్టిగా అయింది. దాన్ని దాని చోటికి పంపడమే మంచిదని టీచరు గారు చెబితే మామయ్య వచ్చాడు. చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూశాడు.

"ఇదేంటే, ఇక్కడ సొట్ట?"

కుడిపక్కన, వెనగ్గా, చిన్న గుంట. బస్సులో ఎక్కడో తగిలుంటుందని మామయ్య. తన పెరుగన్నం వల్లే అయ్యుంటుందని మామ్మ కళ్ళు ఒత్తుకుంది. నేను దగ్గరికి వెళ్ళి నా బొటనవేలు అందులో పెట్టాను. సరిగ్గా పట్టింది.

తాబేలును సాగనంపడానికి వచ్చిన టీచరు గారు నా వేలి వంక చూశారు. "మెత్తగా ఉన్నప్పుడు పడినట్టుందండీ," అన్నారు మామయ్యతో. "ఇప్పుడు గట్టిపడిపోయింది కదా, ఇంక పోదు."

నేను చెయ్యి తీసి పరికిణీ కుచ్చిళ్ళలో దాచుకున్నాను. తన తప్పేనని మామ్మ అప్పటికీ ఏడుస్తూనే ఉంది. నాది అని నేను చెప్పలేదు.