టవర్‌కు దూరంగా తోలిన ఆవు

ముప్పై ఏళ్లు నిజామాబాద్‌లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక వినే పిల్లలు లేక వీధికి చెప్పడం మొదలుపెట్టాను. వీధి కూడా పాపం వినేది.

మా ఎదురింటి అవ్వ బీడీలు చుట్టుకుని బతికేది. ఆమెకున్న ఆస్తి ఒక్క ఎర్రటి ఆవు. దాని పాలతోనే మా ఇంట్లో చాయ్. వాళ్ల గోడ పక్క ఖాళీ ప్లాటులో సెల్ టవర్ లేచింది. మరుసటి ఏడు పశువులకు లంపీ రోగం వచ్చింది. జ్వరం, ఒళ్లంతా గడ్డలు. రెంటినీ ముడిపెట్టడానికి నాకు ఒక్క పూట పట్టింది. టవర్ రేడియేషన్‌తో ఆవుల ఒంట్లో శక్తి తగ్గుతుందని, అందుకే వైరస్ పట్టుకుంటుందని అరుగు మీద కూర్చుని తేల్చేశాను. ఇదంతా ఫోన్‌లో చదివాను, ఆ టవర్ సిగ్నల్‌తోనే.

"సారూ, రేపు పశువుల దవాఖానల టీకాలేస్తరట. ఆవును తోల్కపోనా?" అని అవ్వ అడిగింది.

"టీకా సంగతి తర్వాత సూద్దాం అవ్వా. ముందుగాల గీ టవర్ కాడికెల్లి దూరం జెయ్యాలె," అన్నాను.

అన్నవాడిని అంతటితో ఊరుకోవచ్చు కదా! కోటగిరి దగ్గర కాలువ పక్కన, చెరుకు తోటల మధ్య మా తోడల్లుడి కొట్టం ఉంది. ట్రాలీ ఆటో మాట్లాడి, దగ్గరుండి తీసుకెళ్లి ఆవును అక్కడ కట్టేశాను. నాలుగు దిక్కులా చూశాను. ఒక్క టవర్ లేదు. జోరీగలు మాత్రం ముసురుతున్నాయి. వాటిని పల్లెటూరి శోభ కింద జమకట్టాను.

పన్నెండో రోజుకు ఆవు ఒళ్లంతా గడ్డలు. పశువుల డాక్టరమ్మ వచ్చి, టీకా ఎందుకు వేయించలేదని అడిగింది. నేను రేడియేషన్ సంగతి ఎత్తాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"సార్, లంపీని మోసేది జోరీగలు, దోమలు. టవర్‌కు దీనికి సంబంధం లేదు. పక్క కొట్టంల రెండు ఎడ్లకు ముందే ఉండె. మీరు టీకా లేని ఆవును తెచ్చి వాటి పక్కన కట్టిండ్రు."

నా డిగ్రీలన్నీ పేడలో పడ్డట్టయింది. వారం రోజులు ఆ ఆవు పక్కనే కూర్చుని మందులు తాగించాను, ఈగలు రాకుండా వేపాకు పొగ పెట్టాను. బతకలేదు.

తప్పు నాదే, టీకా ఆపింది నేనే అని చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తీరా అవ్వ ముందు నిలబడ్డాక, ఆవు పోయిందని మాత్రం చెప్పగలిగాను. ఆమె బీడీల చాట పక్కన పెట్టి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అది చూసి కొంగుతో కళ్లు తుడుచుకుని నన్నే ఓదార్చింది.

"నువ్వేం జేస్తవ్ సారూ, గంత దూరం తీస్కపోయి కట్టినవ్. గా టవర్ పాడుగాను, దాని ఇసం అప్పటికే ఆవు ఒంట్లకు జొచ్చింది."

నా పాఠాన్ని ఇంత నమ్మకంగా ఒప్పజెప్పిన విద్యార్థి ముప్పై ఏళ్లలో ఒక్కరూ లేరు. నేను అవునన్నట్టు తలూపాను.