అల్కటి గీరలు

మా చిన్నబాపు పోయాడు. పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ చిన్నబాపు లేస్తలేడు, జర రా" అని మాత్రమే అంది. గొంతులో ఏడుపు లేదు, నిద్ర లేపలేక విసుక్కుంటున్నట్టే ఉంది. శంషాబాద్ నుంచి సాతంరాయి ఎంత దూరమని! అయినా నేను చేరేసరికే వాకిలి నిండా మనుషులు. ఇక దవాఖానతో పని లేదని వాళ్లు నిలబడ్డ తీరులోనే తెలిసింది.

వాకిట్లో ఆయన ఎర్ర కారు ఉంది. రెండే సీట్లు, పైకప్పు లేని పాత విలాయతి కారు. మూడు మూలల కింద చెక్క దిమ్మెలు, నాలుగో మూలకు మాత్రం కొత్త చక్రం. మిగతా మూడు చక్రాలు అరుగు మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఎవరో ఒకాయన వాటి మీద కూర్చోబోతే "లెవ్వు, లెవ్వు" అని అరిచాను. చావింట్లో నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే. అందరూ నన్ను వింతగా చూశారు, చూడనీ అనుకున్నాను.

పోయినవాళ్లందరూ మంచివాళ్లే అంటారు. మా చిన్నబాపు మాత్రం మొండిమనిషి. మా నాయనకు తమ్ముడు, నాకు కారు నేర్పిన గురువు. మా చెల్క, అదే మెట్ట పొలం, విమానాశ్రయం గోడ లోపలికి పోయినప్పుడు అన్నదమ్ములు తలా ఒక పనికొచ్చే దారి చూసుకున్నారు. ఈయన పట్నంలో ఏదో బంగళా షెడ్డులో తుప్పు పడుతున్న ఈ కారు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ నెత్తి కొట్టుకున్నారు. చిన్నమ్మ దానికి "సవతి" అని పేరు పెట్టింది. ఆయన నవ్వి, దాని ఇంజన్ విప్పుతూ కూర్చున్నాడు.

కారు నడిచిన రోజు చిన్నమ్మను బతిమిలాడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పాత యజమాని సోకు కోసం దానికి పెద్ద పెద్ద రింగులు వేయించాడు. మందమైన ఇనుము, వాటి చుట్టూ చపాతీ అంత పలచని టైర్లు. సాతంరాయి స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఎగిరి పడింది. చిన్నమ్మకు ముందే నడుము నొప్పి. ఇంటికొచ్చి మంచం పట్టింది, చాలాకాలం లేవలేదు. మళ్లీ ఆ కారు ఎక్కనని ఒట్టు పెట్టుకుంది.

అప్పటినుంచి చిన్నబాపుకు ఒకటే ధ్యాస. చిన్నమ్మ మళ్లీ ఆ సీట్లో కూర్చోవాలి, నడుము నొయ్యకూడదు. తిండీ నిద్రా మాని చక్రాల గురించే ఆలోచించాడు.

"చెప్పులు బరువైతే ఎవలన్న మెత్తగ అడుగేస్తరా బిడ్డా? దబ్బు దబ్బున ఏస్తరు. కారు గూడ గంతే. పైన ఎంత బరువున్నా స్ప్రింగులు మోస్తయి. కింద గీరలు మాత్రం అల్కగ ఉండాలె" అనేవాడు. గీరలంటే చక్రాలు, అల్కగ అంటే తేలికగా అని మావైపు. ఉర్దూ హల్కా మా నోట్లో పడి అల్క అయింది.

ఆరాంఘర్‌లో టైర్ల దుకాణానికి నన్నూ తీసుకుపోయాడు. దుకాణం అతను ఉత్సాహంగా తళతళలాడే పెద్ద రింగులు చూపించాడు.

"పదిహేను ఇంచులెయ్యి అన్నా, ఏం లుక్కొస్తదో సూడు!"

"లుక్కు రోడ్డు మీదున్నోళ్లకు తమ్మీ. లోపల కూసున్నోళ్లకు నడుముంటది."

దారిలో నాకు పాఠం చెప్పాడు. రింగు పెద్దదైతే టైరు గోడ పొట్టిదవుతుంది, దెబ్బ నేరుగా మనిషికి తగులుతుంది. రింగు చిన్నదైతే టైరు గోడ ఎత్తుగా ఉండి దెబ్బను మింగుతుంది. కాని రెండూ కలిపిన ఎత్తు మాత్రం కారు పుట్టినప్పుడు ఎంతో అంతే ఉండాలి, లేకపోతే వేగం చూపే ముల్లు అబద్ధమాడుతుంది. ఆయన లెక్కలో ఆ కారుకు పదమూడు ఇంచుల రింగే సరి. అది కూడా ఇనుముది కాదు, అల్యూమినియందే కావాలి. అంత చిన్నవి ఈ కాలంలో ఎవరు అమ్ముతారు?

చివరికి కోస్తా వైపు ఒకాయన దగ్గర ఉన్నాయని తెలిసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"ఎలాంటి రింగులు కావాలండీ?"

"అల్కగ ఉండాలె సార్."

"అలకా? ఎవరికండీ అలక?"

చిన్నబాపు ఫోన్ వంక ఒకసారి చూసి, పగలబడి నవ్వాడు. "మా ఇంటామెకు సార్. ఈ కారు మీద అల్గి ఏండ్లయితుంది. అల్కటి గీరలు పెడితే అల్క తీరుతది."

రింగులు అమ్మే ఆయనకు తేలికైనవి అని అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. లోపల చిన్నమ్మ వింటూనే ఉంది. "ఊరోళ్లకందరికి చెప్పు, సిగ్గులేకుంటె" అంది, కాని ఆ పూట టీలో చక్కెర ఎక్కువే వేసింది.

టైరు ఎంత వెడల్పు ఉండాలన్నది ఇంకో రామాయణం. మరీ వెడల్పైతే చక్రం తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. ఆయన చిన్నమ్మ రొట్టెలకు కలిపిన జొన్నపిండి ముద్దలు ఎత్తుకుపోయి మడ్‌గార్డు లోపల అతికించి ఒక రౌండు తిప్పుకొచ్చేవాడు. ముద్ద ఎంత నలిగిందో చూసి అక్కడ ఎంత సందు ఉందో చెప్పేవాడు. "సవతికి రొట్టెలు పెట్టినంక మొగనికి ఏం పెట్టాలె?" అని చిన్నమ్మ తిట్టేది. గాలి ఎంత కొట్టాలో చూడడానికి పక్క సీట్లో చిన్నమ్మ బరువుకు సరిపడా మక్కలు, అదే మొక్కజొన్నలు, నింపిన సంచి పెట్టి, పడిపోకుండా ఆమె పాత చీరతో కట్టాడు. సాతంరాయి అంతా ఆ సంచిని చూసి నవ్వింది. ఒక్కోసారి దూరం నుంచి చూస్తే నిజంగానే అక్కడెవరో కూర్చున్నట్టు ఉండేది. చివరికి నూట అరవై ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తుగా ఉన్న టైరు ఖాయం చేశాడు.

మా చెల్క ఉన్నచోట ఇప్పుడు విమానాలు దిగుతాయి. గోడ పక్కన కారు ఆపి వాటిని చూసేవాడు. "అందరు రెక్కలు చూస్తరు. నేను గీరలు చూస్త. నేలకు ముట్టంగనే పొగ లేస్తది సూడు, పాపం" అనేవాడు. ఆ పాపం విమానానికో, నేలకో నాకు తెలియదు, అడగలేదు.

ఆయన వెళ్లిపోయే ముందు సాయంత్రమే రింగులు వచ్చాయి. ఆ సంగతి చిన్నమ్మ తర్వాత చెప్పింది. టైర్లు ఎక్కించుకొచ్చి, ఒక చక్రం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టి "ఎత్తి సూడు" అన్నాడట. ఎత్తింది. "నా నడుముతోని ఎత్తిన బిడ్డా, దోసకాయ గంప లెక్కనే ఉన్నది" అని చెప్తూ చేతులు చూసుకుంది. చీకటి పడుతుంటే ఒక్కటి బిగించి, మిగతావి పొద్దున అన్నాడట.

ఆ ఒక్కటి ఎడమ పక్క ముందు చక్రం. చిన్నమ్మ కూర్చునే పక్క.

ఇక ఆ ఇంట్లో నాకు కుదురు లేదు. వాకిట్లో పానా కింద పడ్డ చప్పుడు వినిపించి బయటికి వస్తాను, ఎవరూ ఉండరు. బెంగళూరు రోడ్డు మీద స్కూటర్‌పై పోతుంటే వెనక టైర్ల చప్పుడు విని పక్కకు జరుగుతాను, తిరిగి చూస్తే ఖాళీ. "టైరు మాట్లాడుతది, ఇనాలె" అని చెప్పి చెప్పి తన చెవిని నాకు అంటగట్టి పోయాడు. భయమేస్తోందని ఎవరికి చెప్పను? భయం కంటే, ఆ చప్పుడు ఒకరోజు ఆగిపోతుందేమోనన్న దిగులే ఎక్కువ.

దినాలు అయ్యాయి. మావైపు ఆ తర్వాత భర్త పోయిన మనిషిని పుట్టింటికి నిద్రకు తీసుకుపోతారు, ఒక రాత్రి అక్కడ పడుకొని రావాలి. చిన్నమ్మ పుట్టిల్లు జల్‌పల్లి. ఆమె అన్న పెద్ద కారు తెచ్చాడు. చిన్నమ్మ దాని వంక చూడలేదు.

"నేను గా కార్ల రాను. ఆయన కార్లనే పోత."

"పిచ్చి లేసిందా? దినాలైన తెల్లారి ఎర్ర కార్ల ఊరేగుతవా? నలుగురు ఏమంటరు?" అని ఆమె అన్న కసిరాడు.

"ఆయన నా కోసం గీరలు తెప్పిచ్చిండు అన్నా. నా నడుము కోసం మీరెవలన్న ఏమన్న తెప్పిచ్చిండ్రా?"

నేను లేచి పానా అందుకున్నాను. మక్కల సంచి విప్పి లోపల పెట్టాను. ఆయన నేర్పినట్టే నట్లు పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ మూడు చక్రాలు పెట్టాను. నాలుగోది, ఆయన పెట్టింది, ఒకసారి సరిచూడాలి కదా. పానా పెట్టి తిప్పబోయాను, నట్టు కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పి ఉండొచ్చు, కాని నాకు చేతులు రాలేదు. అది ఆయన చేతి బిగువు. మిగిలిన నట్లకు పానా ఆనించి చూశాను. ఏదీ కదల్లేదు. దిమ్మెలు తీసేస్తే కారు మెల్లగా నేల మీద కూర్చుంది.

చిన్నమ్మ వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ వస్తుంటే గేరు తగ్గించాను. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి, వెనకవి కూడా దిగాయి. నేను ఆమె మొహం చూడలేదు. శంషాబాద్ దాటి విమానాశ్రయం గోడ పక్క రోడ్డుకు తిరిగాము.

చిన్నమ్మ నేను పుట్టినప్పటినుంచి నన్ను "బిడ్డా" అనే పిలుస్తుంది, ఇంకోలా పిలవడం ఎరగను. చిన్నబాపును మాత్రం పేరు పెట్టి పిలిచేది కాదు. పొలంలో ఉన్నా, పక్క గదిలో ఉన్నా "ఇగో" అంటే చాలు, అది తనకేనని ఆయనకు తెలిసేది.

గోడ పొడుగునా గాలి హోరున కొడుతోంది. ఆమె కొంగు ఎగరకుండా పట్టుకొని, ముందుకే చూస్తూ "ఇగో" అంది.

నేను పలకలేదు. ఆ పిలుపు నాది కాదు.

"ఇగో, ఇంటున్నవా? నడుము నొస్తలేదు" అంది.

ఆ గాలిలో ఆమె మాట ఆయనకు సరిగా వినపడదేమోనని, కారు ఇంకా మెల్లగా పోనిచ్చాను.